సైన్యం కాంట్రాక్టు సేవల లెక్క అడగాలంటే ఏ తలుపు తట్టాలి?

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటికి ఈ మధ్య ముగ్గురు వేరువేరుగా వచ్చారు. ముగ్గురి చేతుల్లోనూ ప్లాస్టిక్ కవర్లో మడతపెట్టిన కాగితాలే. ముగ్గురిదీ ఒకటే ప్రశ్న: "ఎవరికి రాయమంటారండీ?"

మొదటాయన రిటైర్డ్ హవల్దార్. ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) జాబితాలో ఉన్న ఆసుపత్రిలో భార్యకు ఆపరేషన్ చేయించారు. కార్డు మీద జరగాల్సిన వైద్యానికి పైన కొంత డబ్బు కట్టించుకున్నారు, రసీదు అడిగితే నసిగారు. రెండో అతను బాపట్ల వైపు కుర్రాడు. ఒక రక్షణ సంస్థలో కాంట్రాక్టరు కింద హౌస్‌కీపింగ్ పని. జీతంలో పీఎఫ్ కోస్తున్నారు, పాస్‌బుక్‌లో మాత్రం ఏడు నెలలుగా రూపాయి పడలేదు. మూడో ఆయన విజయవాడ ఆటోనగర్‌లో వాహనాలు అద్దెకు తిప్పుతారు. డీజిలు ఖర్చుకైనా చాలని రేటుకు టెండరు వేరేవాళ్లకు పోయిందని ఆయన గోడు.

నేను రక్షణ లెక్కల శాఖలో బిల్లులు చూసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఇలాంటివాళ్లు నా దగ్గరికొస్తుంటారు. ముగ్గురికీ మూడు రకాల సమాధానం చెప్పాల్సొచ్చింది. ఏ దారి దేనికి పనికొస్తుంది, ఎక్కడ మొండికేస్తుంది, నేనైతే ఏది ముందు పట్టుకుంటాను అన్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ బిల్లు ఎలా పాసవుతుందో చూడండి

మన యార్డులో మిర్చి టిక్కీ కాటా మీద పెడితే బరువు తేలిపోతుంది. సైన్యం కొనే బూట్లు, బియ్యం, టైర్లు కూడా అంతే. లెక్కపెట్టొచ్చు, స్టోరు రిజిస్టర్లో ఎక్కించొచ్చు, రెండేళ్ల తర్వాత ఆడిట్ వాళ్లొచ్చినా ఉన్నాయో లేవో చూసుకోవచ్చు. ఊడ్చిన నేలకు కాటా లేదు. జూన్ 12న బ్యారక్ ఊడ్చారా లేదా అన్నది జూన్ 13న ఎవరూ రుజువు చేయలేరు. వంటవాళ్లు, కాపలా, తోటపని, అద్దె వాహనాలు, ఏసీల మెయింటెనెన్స్, డేటా ఎంట్రీ, ఆసుపత్రి బిల్లులు అన్నీ ఈ బాపతే. చివరికి మిగిలేది ఒక్క కాగితం. ఈ నెల పని సంతృప్తికరంగా జరిగిందని ఆ సేవ వాడుకున్న యూనిట్ ఇచ్చే సర్టిఫికెట్, దానికి జతగా హాజరు పట్టీ.

దానికి ముందు తతంగం చాలానే ఉంది. ఖర్చు మంజూరు చేసే అధికారిని సీఎఫ్‌ఏ అంటారు. ఆయన సొంత అధికారానికి ఒక పరిమితి ఉంటుంది, అది దాటితే ఐఎఫ్‌ఏ అనే ఆర్థిక సలహాదారు ఒప్పుకోవాలి. టెండర్లు ఇప్పుడు ఎక్కువగా జెమ్ అనే ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ మీదే. కేంద్ర ప్రభుత్వ శాఖలన్నిటికీ 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాలు వర్తిస్తాయి. అందులో 197 నుంచి 206 వరకు ఉన్నవి ఇలాంటి బయటి సేవల గురించే. కాంట్రాక్టరు పనిని మొదటి నుంచి చివరిదాకా కనిపెట్టుకుని ఉండాల్సిన బాధ్యత ఆ శాఖదేనని 206వ నియమం చెబుతుంది. దీనిపైన రక్షణ శాఖకు తనదైన కొనుగోళ్ల మాన్యువల్ ఉంది. 2009 నాటి దాని స్థానంలో 2025 నవంబరు 1 నుంచి కొత్తది అమల్లోకి వచ్చింది. మీ కాంట్రాక్టు ఆ తేదీకి ముందుదా తర్వాతదా చూసుకోండి. పాత కాంట్రాక్టు మీద కొత్త నియమం చూపించి వాదిస్తే అవతలివాళ్లకు మీరే తప్పించుకునే దారి చూపినట్టవుతుంది.

ఇవన్నీ అయ్యాక బిల్లు మా రక్షణ లెక్కల శాఖ కంట్రోలర్ ఆఫీసుకొస్తుంది. మంజూరు ఉందా, రేటు కాంట్రాక్టులో ఉన్నదేనా, సర్టిఫికెట్ ఉందా, పీఎఫ్ చలానా జతచేశారా అని చూసి పాస్ చేస్తారు. ఒకసారి నా టేబుల్ మీదికి ఫిబ్రవరి నెల బిల్లొచ్చింది. 18 మంది స్వీపర్లు, ఒక్కొక్కరికీ 30 రోజుల హాజరు! సంతకం ఉంది, ముద్ర ఉంది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, నవంబరు పట్టీని జిరాక్స్ తీసి నెల పేరు మార్చి పెడితే అక్కడ ఒకాయన చూడకుండా సంతకం గీకేశారు. వెనక్కి పంపాను. వారం తిరక్కుండా 28 రోజులతో మళ్లీ వచ్చింది, అదే సంతకంతో. ఆ 28 అయినా నిజమేనా అన్నది కుర్చీలో కూర్చున్న నాకు తెలిసే మార్గం లేదు. పాస్ చేశాను.

ఆ బిల్లు ఇప్పటికీ నాకు గుర్తే. సేవల కాంట్రాక్టులో తేడా ఎక్కడ జరిగినా దాని ఆనవాలు ఆ నెలవారీ సర్టిఫికెట్ దగ్గర దొరుకుతుంది. మీరు ఏ తలుపు తట్టినా ముందు దాని కాపీ సంపాదించుకోండి. ఈ మాటకు లోబడే కింద నేను దారుల్ని బేరీజు వేసింది.

ఇందులో డబ్బు ఎంత ఉందో ఒక అంచనా ఉంటే మంచిది. 2025-26 కేంద్ర బడ్జెట్లో రక్షణ శాఖకు కేటాయించింది సుమారు 6.81 లక్షల కోట్ల రూపాయలు. పేపర్లలో బొమ్మలతో వచ్చేది విమానాలు, ఫిరంగులు కొనే క్యాపిటల్ పద్దు. జీతాలు, మరమ్మతులు, సేవలు పోయే రెవెన్యూ పద్దు 3.11 లక్షల కోట్లు దాటినా దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. మాజీ సైనికుల వైద్యానికి, అంటే ఈసీహెచ్‌ఎస్‌కు, ఆ ఏడాది ఇచ్చింది 8,317 కోట్లు. అందులో పెద్ద వాటా ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులకే పోతుంది.

సమాచార హక్కు: నిదానం, కానీ చేతికి కాగితం ఇచ్చేది ఇదే

ఫీజు పది రూపాయలు. ఆన్‌లైన్లో పెట్టొచ్చు, పోస్టల్ ఆర్డరు జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపొచ్చు. ఎందుకు కావాలో చెప్పాల్సిన పని లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా 30 రోజుల్లో అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లో కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. అక్కడ మాత్రం ఎన్నాళ్లు పడుతుందో లెక్క వేసుకోకండి.

"సైన్యం కదండీ, మాకు చెబుతారా?" అని అందరూ అడుగుతారు. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం చట్టం నుంచి పూర్తిగా మినహాయింపు పొందిన సంస్థలు కావు. మినహాయింపుల జాబితా చట్టం రెండో షెడ్యూల్లో ఉంది, అందులో ఉన్నది రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో. మన ప్రాంతంలో ఈ తేడా అక్కరకొస్తుంది. సూర్యలంకలో ఉన్నది వైమానిక దళ స్టేషన్, కాబట్టి అక్కడి సేవల కాంట్రాక్టు గురించి మామూలుగానే అడగొచ్చు. నాగాయలంక దగ్గర 2025 మే 2న ప్రధాని శంకుస్థాపన చేసిన క్షిపణి పరీక్షా కేంద్రం డీఆర్‌డీవోది. అవినీతి ఆరోపణ, మానవ హక్కుల ఉల్లంఘన అయితే తప్ప అక్కడి సమాచారం అడిగినా ఇవ్వరు.

తిరస్కరించేటప్పుడు ఎక్కువగా చూపించేది సెక్షన్ 8(1)(ఎ), అంటే దేశ భద్రత. కొన్నిసార్లు వాళ్లదే న్యాయం. గేటు దగ్గర ఎంతమంది కాపలా, ఏ షిఫ్టు ఎప్పుడు మారుతుంది అని అడిగితే నేనైనా ఇవ్వను. కానీ తోటపని కాంట్రాక్టు విలువ ఎంత, ఎన్ని నెలలకు జరిమానా కోశారు అన్నదానిలో భద్రత ఏముంది? భద్రతకు సంబంధించిన భాగం ఉంటే అది కొట్టేసి మిగతాది ఇవ్వాలని సెక్షన్ 10 చెబుతోంది. దరఖాస్తులోనే ఆ సెక్షన్ పేరు రాసేయండి, సగం గొడవ తగ్గుతుంది. కార్మికుల పేర్లు, వాళ్ల వివరాలు అడిగితే ఇంకో చిక్కు. 2025 నవంబరులో వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన 8(1)(జె) మారింది, ఆ సాకుతో మొత్తం ఆపేస్తారు. పేర్లు కొట్టేసిన హాజరు పట్టీ చాలని ముందే అనండి.

జనం చేసే పెద్ద పొరపాటు "ఎందుకు" అని అడగడం. ఎందుకు ఆలస్యమైంది, ఎందుకు ఆయనకే ఇచ్చారు అంటే అది సమాచారం కిందికి రాదని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. కాగితం పేరు చెప్పి కాపీ అడగండి. పేజీకి రెండు రూపాయలు. ఫైలు పెద్దదైతే వెళ్లి చూసుకుంటామని అడగడం ఇంకా మంచిది, మొదటి గంట ఉచితం.

సీపీగ్రామ్స్: వేగం, కానీ తిరిగి తిరిగి అక్కడికే

కేంద్రం ఫిర్యాదుల పోర్టల్ ఇది. ఖర్చు లేదు, ఫోన్లోనే పెట్టొచ్చు. 2024 ఆగస్టు మార్గదర్శకాల ప్రకారం 21 రోజుల్లో తేల్చాలి, ముగించిన తీరు నచ్చకపోతే అప్పీలుంది. మీ సొంత కష్టానికి, అంటే మీ డబ్బు మీకు రావాల్సిన చోట, ఇది బాగా పనిచేస్తుంది. ఈసీహెచ్‌ఎస్ విషయాల్లో రెండు వారాల్లో ఫోనొచ్చిన సందర్భాలు నేను చూశాను. ఇబ్బంది ఏమిటంటే, ఎవరి మీద ఫిర్యాదు చేశారో చివరికి జవాబు రాసేది ఆ ఆఫీసే. పక్క సెక్షన్ వాళ్ల తప్పుకు సంజాయిషీ రాయడంలో మా గుమస్తాలు ఎంత ఆరితేరినవాళ్లో నాకు తెలియంది కాదు. పైపెచ్చు, ఇక్కడ కాగితాల కాపీలు ఇవ్వరు.

విజిలెన్స్: ఆధారం ఉంటేనే

లంచం, దొంగ బిల్లు, కుమ్మక్కు లాంటివైతే కేంద్ర విజిలెన్స్ కమిషన్. పేరు లేని ఉత్తరాన్ని పట్టించుకోరు. మీ పేరు బయటికి రాకూడదంటే 2004 నాటి ప్రజాప్రయోజన ఫిర్యాదుల తీర్మానం కింద పంపాలి. దీన్ని పిడ్‌పీ (PIDPI) అంటారు. కవరు మీద పిడ్‌పీ ఫిర్యాదు అని రాసి కమిషన్ కార్యదర్శి పేరిట పోస్టులో పంపాలి. మీ పేరు, చిరునామా కవరు మీద ఉండకూడదు, లోపలి ఉత్తరంలో మాత్రమే ఉండాలి. కాంట్రాక్టరు కింద పనిచేసే కుర్రాళ్లకు ఇది చాలా ముఖ్యం. పేరు బయటపడ్డ మర్నాడే గేట్ పాస్ రద్దవుతుంది, కారణం కూడా చెప్పరు. అయితే అనుమానం మాత్రమే ఉంటే ఇక్కడికి రాకండి. నెల, బిల్లు, మొత్తం ఏదో ఒకటి పట్టుకుని రాస్తేనే ఉత్తరం కదులుతుంది.

కాగ్, పార్లమెంటు: మీకోసం కాదు, కానీ చదవండి

బిల్లు పాస్ చేసేది, లోపల ఆడిట్ చేసేది రక్షణ లెక్కల కంట్రోలర్ జనరల్ (సీజీడీఏ) కింద ఉన్న మా శాఖ. అది రక్షణ మంత్రిత్వ శాఖలో భాగమే. బయటి నుంచి చూసేది కాగ్, అంటే ప్రభుత్వ ఖర్చుల్ని ఆడిట్ చేసే రాజ్యాంగ సంస్థ. రాజ్యాంగంలోని 151వ అధికరణం ప్రకారం కేంద్ర ఖాతాల మీద దాని నివేదికలు రాష్ట్రపతి ద్వారా పార్లమెంటుకు వెళ్తాయి. వాటిని ప్రజా పద్దుల సంఘం పరిశీలిస్తుంది. అందులో 22 మంది సభ్యులు, 15 మంది లోక్‌సభ నుంచి, ఏడుగురు రాజ్యసభ నుంచి. 1967 నుంచి ప్రతిపక్ష సభ్యుడే అధ్యక్షుడిగా ఉండటం ఆనవాయితీ. నివేదిక సభలో పెట్టాక నాలుగు నెలల్లో ఏం చర్య తీసుకున్నారో శాఖ చెప్పాలి.

కాగ్‌కు రాస్తే మీ డబ్బు తిరిగి రాదు, మీ టెండరు మీకు రాదు. తప్పు జరిగిన రోజుకీ నివేదిక వచ్చిన రోజుకీ మధ్య ఏళ్లు గడుస్తాయి. ఈలోగా సంతకం చేసిన ఆయన ఎక్కడికో బదిలీ అయిపోయి ఉంటారు, ఒక్కోసారి రిటైరైపోయి కూడా. ఇది మా శాఖలో అందరికీ తెలిసిన సంగతే. అయినా మాజీ సైనికుల సంఘాలకు, విలేకరులకు నేను చెప్పేది ఒకటుంది. 2015 నాటి 51వ నంబరు నివేదిక పూర్తిగా ఈసీహెచ్‌ఎస్ మీద చేసిన ఆడిట్. కాగ్ వెబ్‌సైట్లో దొరుకుతుంది. ఆడిట్ వాళ్లు ఏయే కాగితాలు అడిగారో అందులో చూసుకుంటే మీ దరఖాస్తులో ఏం అడగాలో తెలిసిపోతుంది.

ఎంపీ గారి దగ్గరికి వెళ్తే? దేశం మొత్తం లెక్క కావాలనుకుంటే అది మంచి దారి. ఎంతమంది కాంట్రాక్టు సిబ్బంది, ఎంత ఖర్చు, ఎన్ని సంస్థల్ని బ్లాక్‌లిస్టులో పెట్టారు అన్నది లోక్‌సభ ప్రశ్నగా వేయించవచ్చు. ఇక్కడ ఒక లోకల్ తిరకాసుంది. 2024లో గెలిచిన మన గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్ గారు కేంద్ర సహాయ మంత్రి. మంత్రులు సభలో జవాబులు చెబుతారు గానీ ప్రశ్నలు వేయరు. కాబట్టి ప్రశ్న వేయించాలంటే విజయవాడో, నరసరావుపేటో, బాపట్లో వెళ్లాలి. నోటీసు కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. ఒక రోజుకు లిఖితపూర్వక జవాబు వచ్చే ప్రశ్నలు 230 మాత్రమే, లాటరీలో మీది తగిలితేనే. మీ పీఎఫ్ గొడవ అక్కడ అడిగించాలనుకోవడం దండగ.

అమెరికా వాళ్లు ఈ లెక్క ఎలా వేస్తారని ఒక కుర్రాడు అడిగాడు. వాళ్ల రక్షణ శాఖ కాంట్రాక్టు సేవల జాబితాను ఏటా తయారుచేసి ఇవ్వాలని చట్టం ఉంది. ఆ జాబితాను నిర్ణయాలకు వాడుకోవడం లేదని వాళ్ల ఆడిట్ సంస్థ జీఏవో ఏళ్ల తరబడి రాస్తూనే ఉంది. ఇరాక్, అఫ్ఘానిస్థాన్ కాంట్రాక్టుల్లో వృథా, మోసం కింద పోయింది కనీసం 31 బిలియన్ డాలర్లని, 60 బిలియన్ల దాకా ఉండొచ్చని వాళ్ల కమిషన్ 2011లో తేల్చింది. అక్కడా మా ఫిబ్రవరి బిల్లులాంటివే ఉండి ఉంటాయి. సున్నాలు ఎక్కువ, అంతే.

ఇక ఆ ముగ్గురికి ఏం చెప్పానంటే

కుర్రాడికి: ముందు వీటిలో ఏదీ వద్దన్నాను. జీతం, పీఎఫ్ విషయంలో కాంట్రాక్టరు ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు యజమాని, అంటే ఆ రక్షణ సంస్థ, కట్టాలి. జీతం గురించి 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం ఆ మాట చెప్పింది, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లు కూడా అదే చెబుతున్నాయి. అందుకని పీఎఫ్ ఆఫీసు ఫిర్యాదుల పోర్టల్లో యూఏఎన్ అనే పీఎఫ్ సభ్యత్వ నంబరుతో ఫిర్యాదు, పే స్లిప్‌లు జతచేసి. అది పెట్టాక ఏడు నెలల బిల్లులతో కాంట్రాక్టరు ఇచ్చిన పీఎఫ్ చలానాల కాపీలు సమాచార హక్కు కింద, వాళ్ల నాన్న పేరుతో. చలానా లేకుండా బిల్లు పాసయిందంటే తప్పు కంట్రోలర్ ఆఫీసుది. చలానా ఉండి పాస్‌బుక్‌లో పడలేదంటే అది దొంగ చలానా, అప్పుడు పిడ్‌పీ.

హవల్దార్ గారికి: ముందు ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్ ఇన్‌చార్జికి రాతపూర్వకంగా ఇచ్చి, తేదీ ముద్రతో కాపీ తీసుకోమన్నాను. ప్యాకేజీలో ఉన్నదానికి కార్డుదారు దగ్గర అదనంగా వసూలు చేయకూడదన్నది ఆసుపత్రితో చేసుకున్న ఒప్పందంలోనే ఉంటుంది. నెలలో కదలిక లేకపోతే సీపీగ్రామ్స్. దాంతోపాటే తన భార్య వైద్యానికి ఆసుపత్రి ఈసీహెచ్‌ఎస్‌కు పెట్టిన బిల్లు కాపీ సమాచార హక్కు కింద అడగమన్నాను. తమ సొంత బిల్లే కాబట్టి, భార్య పేరుతో అడిగితే వ్యక్తిగత సమాచారమనే సాకు చెల్లదు. ఆయన అడిగింది డబ్బు వాపసు. కానీ అదే ఐటం బిల్లులోనూ ఉంటే ఆసుపత్రి రెండు చోట్లా తీసుకున్నట్టు, అప్పుడు కథ మారిపోతుంది.

ఆటోనగర్ ఆయనతో మాత్రం గట్టిగానే వాదన అయింది. ఆయన నేరుగా హైకోర్టుకు వెళ్దామన్నారు. నేలపాడు దగ్గరే కదా, వెళ్లొచ్చు. కానీ రేటు తక్కువగా ఉందన్న ఒక్క మాటతో టెండరు కొట్టేయరు. మరీ తక్కువ రేటు వస్తే ఎలా చేస్తావో లెక్క చూపించమని బిడ్డరును అడిగే అధికారం కొనేవాళ్లకు ఉంది. అడిగారా లేదా అన్న ఫైలు నోట్ కావాలి. కాంట్రాక్టు ఇచ్చేదాకా పోటీదారుల వివరాలు వ్యాపార రహస్యమంటారు, ఇచ్చాక ఆ వాదన పలచబడుతుంది. మూడు నెలలు ఆగి, అవతలివాళ్లు తిప్పిన కిలోమీటర్ల లాగ్‌బుక్, నెలవారీ సర్టిఫికెట్ అడగమన్నాను. తక్కువ రేటుకు దక్కించుకున్నవాడు నష్టాన్ని కిలోమీటర్లలో రాబట్టుకుంటాడు. ఆయనకు నా మాట నచ్చలేదు. "మూడు నెలలు నా బండ్లకు ఈఎంఐ ఎవరు కడతారండీ?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ముగ్గురికీ రాసిచ్చిన దరఖాస్తు మాత్రం దాదాపు ఒకటే. 500 పదాల్లోపు ఉండాలి కాబట్టి ఇంతకంటే పెంచకండి:

"ఫలానా తేదీ, ఫలానా నంబరు గల సేవల కాంట్రాక్టుకు సంబంధించి, ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు: ఒకటి, చెల్లించిన ప్రతి బిల్లు కాపీ. రెండు, ప్రతి బిల్లుతో జతచేసిన పని సంతృప్తి సర్టిఫికెట్, సంతకం చేసిన అధికారి హోదాతో. మూడు, పేర్లు కొట్టేసిన హాజరు పట్టీ లేదా లాగ్‌బుక్. నాలుగు, పీఎఫ్, ఈఎస్‌ఐ చలానాల కాపీలు. ఐదు, కాంట్రాక్టరు మీద వేసిన జరిమానాల వివరాలు, వేయకపోతే 'లేవు' అని రాతపూర్వకంగా. భద్రతకు సంబంధించిన భాగం ఏదైనా ఉంటే సెక్షన్ 10 ప్రకారం తొలగించి మిగతాది ఇవ్వగలరు."

హోదా అడగడం మరిచిపోకండి. పేరు ఇవ్వకపోయినా హోదా ఇవ్వక తప్పదు, ఆ కుర్చీలో ఆ నెల ఎవరున్నారో ఆ ఊళ్లో అందరికీ తెలుసు.